దేవుడి అలమరకు తాళం

అల్లర్లు మొదలైన నాటినుంచి తాళాల షావుకారుకు భక్తి పెరిగింది, బేరమూ పెరిగింది. ఏది ముందు పెరిగిందో దేవుడికే తెలియాలి.

"దేవుణ్ణి నమ్మినవాడికి భయమేమిటండీ!" అనేవాడు, కొనవచ్చినవారి చేతిలో తాళం పెడుతూ. "అయినా ఇంకొకటి తీసుకోండి. ఏనుగు తొక్కినా చెక్కుచెదరదు."

అంతటి విశ్వాసి ఇంట వీధితలుపుకు లోపలివైపు నాలుగు తాళాలు. వాటి చెవులన్నీ దేవుడి అలమరలో, పటం ముందు. ఆ అలమరకు మరొక తాళం.

"మనకు దేవుడు కాపలానా, దేవుడికి మనం కాపలానా?" అని భార్య అడిగితే, "ఒకరికొకరం" అనేవాడు.

ఆమెకు ఉబ్బసం. ఆ సాయంత్రం వీధిలో ఏదో తగలబడిన పొగ కిటికీ సందుల్లోంచి దూరింది. ఆమెకు ఊపిరి అందలేదు. ఇంట్లో మందు లేదు. షావుకారు పక్కింటి నర్సుకు ఫోన్ చేశాడు. ఆమె వెంటనే వచ్చి తలుపు తట్టింది. షావుకారు తలుపు వెనకనుంచే అడిగాడు.

"ఎవరూ?"

"నేనే అన్నయ్యా, తియ్యి!"

"నువ్వేనని ఏమిటి నమ్మకం?"

"పోయిన నెల సూది చూసి ఎలా కేక పెట్టావో వీధికంతా వినిపించనా? అప్పుడు నమ్ముతావా?"

నమ్మాడు. అలమర దగ్గరకు పరుగెత్తి, అక్కడ నీరుగారిపోయాడు. వీధితలుపు బిగించాక సందె ప్రార్థన ముగించి, కంగారులో అలమర చెవిని కూడా పటం ముందే ఉంచి, తాళం నొక్కేశాడు. చెవి లేకుండా నొక్కినా పడిపోయే రకం అది. 'చెవి చేతిలో ఉంచుకునే నొక్కండి' అని రోజూ అందరికీ చెప్పే పాఠం! పనిముట్లన్నీ దుకాణంలో ఉన్నాయి.

ఊపిరాడక మాట పెగలని భార్య వంటింటి మూలనున్న రోకలిని చూపింది.

"పగలగొట్టమంటావా? ఆనక ఎవరైనా ఇంట్లో చొరబడితే..."

ఆమె పెదవులు నీలమవుతున్నాయి.

అతడు కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళూ అడిగినవి గుర్తుకొచ్చాయి: ఇల్లు కాపాడు, కొట్టు కాపాడు, తలుపు కాపాడు. "స్వామీ, నిన్ను కాపలాకు పెట్టుకున్నానే గాని, నమ్మలేదు. ఇప్పుడు తలుపు తీస్తున్నాను. ఆ వెనక ఎవరున్నా, నువ్వూ ఉంటావు."

కళ్ళు తెరిచి రోకలి అందుకున్నాడు.

ఒక్క దెబ్బ. ఏనుగుకు లొంగని తాళం వేరుశనగకాయలా విచ్చుకుంది.

చెవులు తీసి వీధితలుపు నాలుగు తాళాలూ విప్పాడు. నర్సు లోపలికి వచ్చి మందు పీల్పించింది. ఊపిరి దారిలో పడ్డాక భార్య అన్న మొదటి మాట:

"అయితే ఏనుగు కంటే మన రోకలే ఘనం."

మర్నాడు దుకాణంలో ఒకాయన తాళం తిప్పి తిప్పి చూశాడు. "గట్టిదేనా?"

"రోకలితో ఒక్కటిస్తే పగులుతుందండీ."

"మరి మా భయం మాటేమిటి?"

"దానికి నా దగ్గర తాళం లేదు. రాత్రి నేను వట్టి గొళ్ళెం పెట్టి పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది."

ఆయన పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి ఎదురుకొట్టుకు వెళ్ళాడు. అక్కడ తాళాలను ఇంకా ఏనుగులు తొక్కుతూనే ఉన్నాయి.