ఉత్తరపు గోడ పక్కన తమలపాకు

"నీ ముట్టు నీడ పడి మల్లె చచ్చిందే," అంది మా అత్తయ్య, ఎండిన అంటును పీకి నా కాళ్ళ ముందు పడేసి.

ఉత్తరపు గోడ పక్కన ఆ చోటికి ఎండే రాదు. పొద్దున అరగంట జానెడు వెలుగు పడి పోతుంది, అంతే. ఆ సంగతి ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. నెలకి మూడు రోజులు చాప పరుచుకుని అక్కడ కూర్చునేది నేనే కదా! మల్లె బతకదని ముందే చెప్పాను. ఎవరు విన్నారు? అయినా అత్తయ్య మాట ములుకులా దిగింది. పెళ్ళయి నాలుగేళ్ళు, కడుపు పండలేదు. నా చెయ్యి తగిలితే ఏదీ బతకదేమోనని నాకూ లోపల అనుమానమే.

"సరే, అక్కడ ఏం బతుకుద్దో నువ్వే చెప్పు," అన్నారు మా ఆయన చెన్నకేశవరావు, నరసరావుపేట కచేరీకి బయల్దేరుతూ.

చాలా ఆలోచించాను. కనకాంబరానికి కొంచెమైనా ఎండ కావాలి. చేమ వేస్తే దురదంటారు. నీడా తడీ రెండూ ఇష్టపడేది తమలపాకు. పొన్నూరు వైపు నుంచి తీగ తెప్పించమన్నాను, గోడకి తడిక ఆనించి పాకిద్దామన్నాను.

ఇద్దరికీ నచ్చింది. నచ్చి, నా చోటు లాగేసుకున్నారు.

"తమలపాకు కాడ ముట్టుది కూచుంటే ఇంకేమన్నా ఉందా? ఆ మూడ్రోజులు గొడ్ల సావిట్లో ఉండు," అంది అత్తయ్య. ఆయన విననట్టు చెప్పులేసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం ఆగిన మరుసటి చైత్రంలో మొదటిసారి సావిట్లో చేరాను. పేడ, ఈగలు. రెండో రోజుకే పల్నాటి వడగాడ్పుకి తీగ తల వాల్చేసింది. నీళ్ళు పోసేది రోజూ నేనే. నేను లేనప్పుడు ఎవరు పోయాలో ఎవరికీ తోచలేదు. అత్తయ్య కునుకు తీస్తుండగా గొడ్ల తొట్టిలో చెంబు ముంచుకుని వెళ్ళాను. నీళ్ళు పోసి, జారిన తీగని అరటినారతో తడికకి కట్టాను. చంపేశానేమోనని మర్నాడంతా ఒకటే భయం. నాలుగో నాడు తలంటుకుని వెళ్ళి చూస్తే లేత ఆకు విచ్చి ఉంది. ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది, ఇన్నాళ్ళూ నమ్మినందుకు నా మీద నాకే.

ఆరు నెలలు అలాగే చేశాను. మొన్న కోటప్పకొండ స్వామికి ఆ ఆకులే కట్ట కట్టి పంపింది అత్తయ్య. పక్కింటి ఖాతూన్ బీకి కిళ్ళీ చుట్టిస్తూ, "చానా నిష్ఠగా పెంచాం వదినా, అందుకే ఇట్టా అల్లుకుంది," అని మురిసిపోయింది.

ఈ నెల నేను సావిట్లోకి పోలేదు. తీగ కిందే చాప పరిచాను. అత్తయ్య నెత్తి బాదుకుంటూ వచ్చింది.

"ఏమే, నీకిదేం పోయేకాలం? లెగు! తీగ చచ్చిద్ది!"

"చావదత్తయ్యా. ఆరు నెలలుగా ఆ మూడ్రోజులూ దీనికి నీళ్ళు పోసింది నేనే. కొండకి పంపిందీ, నిన్న మీరు నమిలిందీ ఆ ఆకే."