అప్పని అడగాలి

ఆ వాక్యం ఉత్తరం నాలుగో పేరాలో ఉంది. జీతం, చేరవలసిన తేదీ, వాళ్లిచ్చే ల్యాప్‌టాప్ గురించి చెప్పాక మామూలు విషయంలా రాశారు: "మీ నాన్నగారు మీతోనే ఉంటారు కనుక, ఆఫీసుకు దగ్గర్లో ఇందిరానగర్‌లో రెండు గదుల ఇల్లు మొదటి ఏడాది కంపెనీయే ఇస్తుంది. సముద్రం విడిచి రావడం ఆయనకు కష్టమని మాకు తెలుసు."

మా నాన్న సముద్రం మీద చేపల వేటకు వెళ్లి తిరిగి రానప్పుడు నాకు పదకొండు నెలలు. ఇప్పుడు ఇరవై ఏడేళ్లు.

మొదట నవ్వొచ్చింది. ఇంకెవరి ఉత్తరంలోదో పేరా నా ఉత్తరంలో అతికించి ఉంటారనుకున్నాను. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్లుగా నేను చేస్తున్న పని కూడా అలాంటిదే. పిల్లల మార్కులు, హాజరు కంప్యూటర్లో ఎక్కిస్తాను. ఒకరి తండ్రి పేరు ఇంకొకరి పక్కన పడడం నాకు కొత్త కాదు. కాని మళ్లీ చదివితే పైన ఎల్లాజీ అని నా పేరే ఉంది. ఎచ్చెర్లలో నేను చదివిన సంవత్సరాలు సరిగ్గా ఉన్నాయి. సముద్రం అన్న మాట పొరపాటున పడదు. పైగా, "మాకు తెలుసు" అన్నారు.

శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా జవాబివ్వాలి. అది సోమవారం.

బెంగళూరులో ఆ పేటలో అద్దెలు ఎంతో ఇంటర్నెట్లో చూశాను. ఒక్క గదికి అడిగేది నాకిక్కడ వచ్చే జీతం కంటే ఎక్కువ. కొత్త జీతం ఇప్పటిదానికి మూడింతలైనా, అద్దె కట్టాక మిగిలేదానితో అక్కడ ఒక మనిషి బతకగలడేమో, ఇద్దరు బతకలేరు. ఆ ఇల్లు ఉంటేనే ఆ ఉద్యోగం. ఆ ఇల్లేమో లేని మా నాన్న కోసం ఇస్తున్నారు.

ఉద్యోగాల పేరుతో మోసాలు జరుగుతున్న రోజులు. డిపాజిట్ కట్టమంటారు, కట్టాక ఫోను ఎత్తరు. వీళ్లు ఏమీ కట్టమనలేదు. దాంతో నాకు ధైర్యం రావాలి. రాలేదు. డబ్బు అడగనివాడికి ఇంకేదో కావాలి అనిపించింది. ఫోనులో ఇంటర్వ్యూ చేసిన రాధిక గొంతు గుర్తు చేసుకున్నాను. అప్పుడు మెత్తగా వినిపించిన గొంతు ఇప్పుడు కావాలని మెత్తగా పెట్టిన గొంతులా వినిపించింది.

మంగళవారం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వెంకీ కొట్టుకు వెళ్లాను. వెంకీ మా మేనత్త కొడుకు. సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, జిరాక్సులు తీస్తాడు.

"ఒరే బావా, మా నాన్న గురించి ఎవలికైనా సెప్పినావేటి?"

"మీ నాన్న గురించి నాకేటి తెలుసురా? మాయమ్మకే సరిగ్గా తెల్దు." ఏదో ఫోను వెనక మూత ఊడదీస్తూ తల ఎత్తలేదు. తల ఎత్తకపోవడం నేను గమనించాను. "ఉద్యోగం గొడవేనా? నీ పేర్లోనే ఎల్లు ఉన్నాది కదరా. ఎల్లు జీ, ఎల్లు జీ అని పుట్టినకాడ్నుంచీ పిలస్తన్నాం. ఇంకా ఎల్లవేటి?"

"ఉద్యోగం సంగతి నీకెవలు సెప్పినారు?"

మూత చేతిలోంచి జారి బల్ల కింద పడింది.

"నా కొట్లోనే కదా ఇంటర్వ్యూ కాయితాలు తీసుకున్నావు. నా మిషన్లోంచి వచ్చిన కాయితం నాను సదవకూడదేటి?"

"సదివి ఎవలికి సెప్పినావు?"

"ఎవలికీ నేదు" అన్నాడు. చాలా తొందరగా అన్నాడు.

ఎవరికి చెప్పి ఉంటాడో ఆలోచించుకుంటూ ఇంటికి నడిచాను. వెంకీకీ నాకూ ఇద్దరికీ దగ్గరైన మనిషి ఒక్కరే ఉన్నారు. అప్ప.

అప్ప నాకంటే పదహారేళ్లు పెద్ద. పేరు కూర్మమ్మ. నాన్న పోయిన ఏడాదికి జ్వరంతో అమ్మ కూడా పోతే, నన్ను చంకనేసుకుని, తల మీద చేపల గంప పెట్టుకుని ఊళ్లు తిరిగింది. నా చదువు కోసం సముద్రపొడ్డు వదిలి శ్రీకాకుళం వచ్చి రెండు గదులు అద్దెకు తీసుకుంది. అయినా రోజూ తెల్లవారుతూనే బస్సెక్కి రేవుకు వెళ్తుంది. తడి ఇసుక మీద నిలబడి బేరం చేసి తెచ్చిన చేపలనే బజారులో అమ్ముతుంది. ఐసు చేపలు ముట్టదు.

ఆ వారం అప్పని నేను కనిపెట్టి చూశాను. మంగళవారం నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఫోను కట్టేసి చీర మడతలో దోపుకుంది. బుధవారం అన్నం వడ్డిస్తూ అడిగింది.

"బెంగులూరు ఎన్నాళ్ల పయనంరా?"

"ఎందుకు?"

"ఏటీ నేదు. లారీవోడు సెప్పినాడు, మన రొయ్యలు అక్కడికి ఎల్తన్నాయంట."

రొయ్యల లారీలు ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నాయి. అప్ప ఈ ప్రశ్న ఈ వారమే ఎందుకు అడగాలి?

నాన్న కథ అప్ప నాకు మూడు రకాలుగా చెప్పింది. చిన్నప్పుడు, తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది, నాన్న రాలేదు అంది. పదేళ్లప్పుడు, తెప్ప కూడా దొరకలేదు అంది. ఇంటర్‌లో ఉండగా ఒకసారి విసుగ్గా, పారాదీప్ రేవుకు వెళ్లే బోటెక్కి పోయాడని కొందరంటారు అంది. ఈ మూడు కథలూ ఇన్నాళ్లు నాలో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని నేనెప్పుడూ ఎదురెదురుగా నిలబెట్టలేదు. ఆ రెండు రోజులూ నిలబెట్టాను. పారాదీప్ వెళ్లినవాడు బెంగళూరు వెళ్లలేడా? అప్ప ఎవరితో ఫోనులో మాట్లాడుతోంది? ఒక ముసలివాడు ఏదో ఆఫీసు గేటు దగ్గర కాపలా కుర్చీలో కూర్చుని, లోపలివాళ్లకు నా పేరు చెబుతున్నట్టు ఊహించుకున్నాను. ఊహ అని తెలిసీ ఆ మనిషికి మొహం పెట్టడానికి ప్రయత్నించాను. ఎంత ప్రయత్నించినా అప్ప మొహమే వచ్చింది.

అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగలేదు. అడగకుండా ఉండడంలో నాకేదో సుఖం ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

శుక్రవారం నాలుగున్నరకు రాధిక ఫోన్ చేసింది. మేం ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం.

"నిర్ణయించుకున్నారా?"

"ముందు ఒకటి చెప్పండి. మా నాన్న గురించి మీకెవరు చెప్పారు?"

"మీరే కదా!"

"నేనా?"

"ఇంటర్వ్యూలో. రాసుకున్నాను కూడా." కాగితాలు కదిలిన చప్పుడు. "'అప్పని అడగాలి.' ఈ మాట మూడుసార్లు అన్నారు. 'నా చదువంతా అప్ప వల్లే. అప్పకు సముద్రం అలవాటు, వదిలి రావడం కష్టం.' మాది మైసూరు. మేమూ నాన్నని అప్ప అనే అంటాం. తెలుగువాళ్లు అలా అంటారని తెలియదు, ముచ్చటేసింది. పై వాళ్లతో మాట్లాడి ఆ ఇల్లు నేనే ఇప్పించాను."

ఇంగ్లీషులో ఎంత సేపు మాట్లాడినా ఆ ఒక్క మాట మాత్రం నా నోట్లో ఇంగ్లీషు కాలేదు. వేరే మాటతో అప్పని చెప్పడం నాకు ఎన్నడూ అలవాటు లేదు.

"మా వైపు అప్ప అంటే అక్క" అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆ ఇల్లు తల్లిదండ్రులు ఉన్నవాళ్లకే" అంది. తరవాత గొంతు తగ్గించి, "నేనింకా ఏమీ దిద్దలేదు. ఆరింటి వరకు దిద్దను. ఆలోచించుకోండి" అని పెట్టేసింది.

ఎందుకు దిద్దదు? ఆమెకేం లాభం? అలవాటుగా మళ్లీ అక్కడే మొదలుపెట్టాను. కాని ఈసారి ఆలోచన ఎక్కువ దూరం పోలేదు. అప్పని అడగాలి అని మూడుసార్లు అన్నవాణ్ని, ఇంటర్వ్యూ అయి తొమ్మిది రోజులైనా అడగలేదు. వెళ్లకుండా ఉండడానికి ఒక కారణం దాచుకున్నానా, లేక అప్ప వద్దంటే ఆమె మీద పెట్టుకోవడానికి ఒక కోపం దాచుకున్నానా? రెండూ నిజమే కావచ్చు.

అప్ప పెరట్లో మిగిలిన చేపలకు ఉప్పు పట్టిస్తోంది.

"అప్పా, నీతో మాటాడాలి."

"మాటాడు. తొమ్మిది రోజుల్నుంచీ సూస్తన్నాను, ఎప్పుడు మాటాడతావో అని."

"వెంకీ సెప్పినాడా?"

"ఆడి కడుపులో మాట నిలస్తాదేటి? ఉద్యోగం వస్తాదంట, బెంగులూరంట అని ఆరోజే వొచ్చి సెప్పీసినాడు. నువ్వు సెప్పకుండా ఎల్లిపోతావనుకున్నాను." చేపని తిరగేసి రెండోవైపు ఉప్పు రుద్దింది. "నాన్నలాగ."

"నాన్న ఎల్లిపోయినాడా? పోయినాడా?"

"నాకేటి తెలుసురా? నాకప్పుడు పదిహేడేళ్లు. ఒడ్డున నిలబడ్డాను. రానేదు."

"తెప్ప దొరికిందన్నావు. దొరకనేదన్నావు. బోటెక్కినాడన్నావు."

"అందరూ అన్ని రకాలుగానూ సెప్పినారు. నువ్వు ఏ వయసుకి ఎంత ఓర్సుకుంటావో అంత నీకు సెప్పినాను. అబద్ధమేటి?"

"ఫోను ఎవలికి సేస్తన్నావు?" అన్నాను. పోలీసువాడి గొంతులా వచ్చింది.

"లారీవోడికి. అక్కడ మనోళ్లు ఎవలైనా ఉన్నారేటి, తిండేటి తింటారు అని అడిగినాను. బెంగులూర్లో సముద్రం ఉన్నాదేటి?"

"నేదు."

"మరి సేపలు?"

"ఐసులో వస్తాయి."

"తినకు" అంది.

అప్పుడు ఇంటి సంగతి చెప్పాను. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఉప్పు చేతులతోనే కళ్లు తుడుచుకునేంత నవ్వింది. కళ్లు మండి, ఓలమ్మో అంటూ ఇంకా నవ్వింది. "నన్ను నాన్ననుకున్నారా? ఫోన్లో నాకు మీసాలు కనబడినాయేటి?"

"ఆరింటి వరకు దిద్దదంట. ఊరుకుంటే ఇల్లు మనకే. ఇద్దరం ఎల్లొచ్చు."

నవ్వు ఆగింది. "నాన్న పేరు మీద ఇంట్లో నాను ఉండాలా?"

"ఊరికే కాయితం మీద."

"వొద్దురా. ఆడు ఎక్కడైనా బతికుంటే, వొచ్చి ఇల్లు నాదంటాడు." నవ్వుతూ అందో, నిజంగా అందో తెలుసుకుందామని మొహంలోకి చూశాను. అప్ప చేపల వైపు చూస్తోంది. "నువ్వెల్లు. నలుగురితో గదిలో ఉండు. వేట నిషేధం రెండు నెలలూ నాకిక్కడ పనేటి ఉంటాది? అప్పుడొస్తాను."

"నిజంగా వస్తావా? నన్ను పంపడానికి సెప్తన్నావా?"

"నిజంగా పిలస్తావా? నన్ను ఊరుకోబెట్టడానికి అడగతన్నావా?"

అప్ప ఇంకో చేప అందుకుంది.

ఆరింటికి పావుగంట ఉండగా రాధికకు ఫోన్ చేసి దిద్దమన్నాను. "సరే" అంది. ఆ సరేలో తేలికపడడం ఉందో, నిరాశ ఉందో నాకు తెలియలేదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు. కాసేపటికి కొత్త ఉత్తరం వచ్చింది. నాలుగో పేరాలో ఇందిరానగర్ లేదు. ఊరి చివర, ముగ్గురితో కలిసి ఒక గది. కింద, ఒప్పుకుంటున్నాను అన్న చోట నొక్కాను.

ఆ తరవాత వివరాల పేజీ తెరుచుకుంది. తండ్రి పేరు పక్కన, లేరు అని నింపాను. చివర, అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట అప్ప ఫోను నంబరు ముందే ఉంది. ఇంటర్వ్యూ రోజు నేనిచ్చిందే. పేరు: అప్ప. బంధుత్వం: తండ్రి. రాధిక అది దిద్దడం మరిచిపోయినట్టుంది, లేదా మరిచిపోలేదు.

దాని మీద నొక్కితే జాబితా తెరుచుకుంది. తండ్రి, తల్లి, భార్య, అన్న, అక్క. అక్క అన్న మాటని చాలా సేపు చూశాను. పెరట్లోంచి అప్ప అరిచింది. "ఒరే, అయిపోయిందేటి?"

"అయిపోయింది" అన్నాను.

పేరు దగ్గర కూర్మమ్మ అని మార్చాను. బంధుత్వం మార్చలేదు. కూర్మమ్మ తండ్రి ఎలా అయిందని ఎవరికో ఒకరికి ఎప్పుడో అనుమానం వస్తుంది. రానీ. అడిగితే, అప్పని అడగాలి అంటాను.