కూనిరాగం రాని కేకు

ఆ బేకరీ మాస్టరు జన్మలో ఏ కేకునూ నోరారా మెచ్చుకున్న పాపాన పోలేదు. ఓవెన్‌లోంచి దిగిన మొదటి కేకు అంచు తుంచి నోట్లో వేసుకుంటాడు. బాగుంటే తనకు తెలియకుండానే కూనిరాగం మొదలవుతుంది. అది వినపడ్డాకే భార్య కత్తి అందుకుంటుంది, బావమరిది ముక్కల్ని గాజు అరలో సర్దుతాడు. ఆ రాగంలో శ్రుతి ఉందనుకునేరు! అది మొదలైతే చాలు, పక్కకొట్లో దర్జీ రేడియో గట్టిగా పెట్టేసేవాడు.

కొన్నాళ్లుగా ఆ రాగం మూగబోయింది.

బావమరిది బెంబేలెత్తి పంచదార పెంచాడు. రాగం లేదు. భార్య వెన్న మార్చింది, మెకానిక్కుని పిలిచి ఓవెన్ విప్పించింది. ఊహూఁ. ఇద్దరూ కలిసి ఎసెన్సు గుమ్మరిస్తే ఆ ఘాటుకు వీధిలో వాళ్లందరికీ జలుబు వదిలింది. రాగం కోసం ఆగకుండానే కోసి అమ్మారు గానీ, కొనేవాళ్లు తగ్గిపోయారు.

మాస్టరుకు లోపల ఒకటే గుబులు. నాలుక భేషుగ్గా ఉంది. తీపి తెలుస్తోంది, వెన్న తెలుస్తోంది. ఆ తర్వాత రావాల్సిన సంతోషమే రావడం లేదు. కూతురు కితకితలు పెట్టినా అంతే, పేకాటలో గెలిచినా అంతే. చెబితే భార్య, తనంటేనే మొహం మొత్తిందనుకుని కుమిలిపోతుందని భయం.

ఆ పొద్దున తెగించి, కేకు నోట్లో వేసుకుని దొంగరాగం తీశాడు.

"హమ్మయ్య! బావ పాడాడే అక్కా! కొయ్యి, కొయ్యి!" బావమరిది గంతేశాడు.

భార్య కత్తి ముట్టలేదు. "శ్రుతి తప్పలేదేంటండీ?" అంది.

మాస్టరు స్టూలు మీద కూలబడ్డాడు.

"మొదట్లో కేకు బాగానే ఉండేదే. తర్వాత మీరే చెడగొట్టారు. ఆ ముక్క చెప్పే ఓపిక కూడా లేకపోయింది. దేనికీ సంతోషం రావట్లేదు నాకు. ఒట్టు, నీ తప్పేం లేదు."

"అంటే నేను పోసిన పంచదారంతా..."

"నువ్వు నోర్ముయ్యరా!" అంది అక్క. ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఓవెన్‌కి మెకానిక్కుని తెచ్చాను గానీ, మీకు డాక్టరు కావాలని తట్టలేదు చూడండి నాకు. పదండి, వెళ్దాం."

"వెళ్లినా వెంటనే తగ్గకపోతే?"

"తగ్గినప్పుడే తగ్గుతుంది. అందాకా బాగుందో లేదో నేను చూస్తాలెండి."

కేకు తుంచి నోట్లో వేసుకుంది. మొహం వికారంగా పెట్టి, "ఛీ ఛీ, పారెయ్యరా!" అని తమ్ముడి మీద విరుచుకుపడింది.

మాస్టరుకు నవ్వు రాలేదు. కానీ ఈసారి నవ్వినట్టు నటించాల్సిన పనీ లేకపోయింది.