తల విడిచాక రెండు రోజులు

రెండు రోజులు, మహా అయితే రెండు రోజులు, తల విడిచిన పేను అంతకు మించి బతకదు, ముప్ఫై ఏళ్లు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాడికి ఈమాత్రం తెలియదా, తెలుసు, ఎదురుగా కూతురు చెయ్యి చాపి నిలబడింది, ఆ దిండు గలీబు కూడా ఇటివ్వండి నాన్నా, నీళ్లు మరుగుతున్నాయి, దుప్పట్లు, తువ్వాళ్లు, మనవరాలి టోపీ అప్పుడే బక్కెట్లోకి చేరాయి, మిగిలింది ఆయన రెండు చేతులా పట్టుకున్న ఈ ఒక్క దిండు, భార్య పోయి పదకొండు నెలలైనా ఉతకనివ్వని గలీబు, రాత్రి దాని మీదే పడుకుంది మనవరాలు, తాతా, నాకు అమ్మమ్మ దిండు కావాలి అంటే కాదనలేక తనే ఇచ్చాడు, ఇవాళ బడి నుంచి చీటీ, పిల్ల తలనిండా పేలని.

ఉతకక్కర్లేదమ్మా, అన్నాడు చివరికి, సంచిలో కట్టి పక్కన పడేస్తే చాలు, రక్తం దొరక్క అవే చస్తాయి, మరి ఈర్ల సంగతో, అంది కూతురు, ఈర్లకీ తల వెచ్చదనం కావాలి, అది లేకపోతే పిల్లలు కావు, అబ్బ, పాఠం చెప్పడానికి మీకు మళ్లీ ఓ క్లాసు దొరికింది, అని నవ్వబోయి, దిండుని నొక్కి పట్టుకున్న ఆయన వేళ్లు చూసి ఆగిపోయింది, గలీబు మెల్లగా ఊడదీసి, దులపకుండా మడిచి, సంచిలో పెట్టి ముడివేసి ఆయన చేతికిచ్చింది, దులపకూడదని దీనికెవరు చెప్పారు.

ఈ మనవరాలి తలనే ఆవిడ ఒళ్లో పెట్టుకుని పేలు చూసేది, దొరికినదాన్ని బొటనగోళ్ల మధ్య టిక్కుమనిపించేది, తను పక్కన చేరి ఈ రెండు రోజుల ముచ్చట చెబితే, అయితే మాస్టారూ, నేను నాలుగు రోజులు మా అన్నయ్య ఇంటికెళ్తే మీ గతేమిటి, నాదీ రెండు రోజులేనోయ్, అంటే, అబ్బో, మూడో రోజు వచ్చి చూస్తాలెండి, అంది, ఎన్ని మూడో రోజులు గడిచాయి, రోజూ పొద్దున్నే ఆ దిండులో మొహం దాచుకుని, కాస్త నూనె, కాస్త సబ్బు, కాస్త చెమట, ఆవిడ తల వాసన వెతుక్కుంటూ, దొరకని రోజున కూడా దొరికిందనుకుంటూ.

తాతా, నువ్వు దువ్వు, అమ్మ లాగేస్తోంది, పేల దువ్వెన పట్టుకొచ్చిన మనవరాలు సంచిని పక్కకి నెట్టి ఒళ్లో తల పెట్టేసింది, ఆయన ఎన్నడూ ఎవరి తలా దువ్వి ఎరగడు, పేనుని గాజుపలక మీద చూడ్డమే తెలుసు, ఇప్పుడు వేళ్ల కింద తడిగా, వెచ్చగా, బరువుగా ఒక తల, పాయ తీస్తే మెడ మీద అచ్చం ఆవిడకున్నట్టే చిన్న సుడి, దొరికిందా తాతా, దొరికిందే, కదలకు, చంపెయ్ మరి, ఏమో, కాలేజీలో అది నేర్పలేదే, ఛీ, పెద్ద మాస్టారువి, అని పిల్ల కిలకిల నవ్వితే ఆ తల ఒళ్లోనే అదిరింది, అదిరిన చోట వేడి, ఆవిడ అడిగినదానికి తను తప్పు చెప్పాడు, తల విడిచినది రెండు రోజులకు మించి బతకదు, తను పదకొండు నెలలు బతికాడు, బతికింది ఆ గుడ్డ మీద కాదు, ఈ వెచ్చదనం మీద, గుడ్డ మీద ఏదీ బతకదు, అమ్మాయ్, నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయా, ఈ సంచి కూడా తీసుకెళ్లు.