మొదటి కుర్చీ

షట్టరు ఎత్తి, గుమ్మం పక్కనున్న మొదటి కుర్చీలో తనే కూర్చుని, బార్బరు తన ముక్కుకి సబ్బు నురగ పూసుకున్నాడు. కత్తితో రెండు గీతలు, అంతే. ముక్కు కొన మీద మొలిచిన వెంట్రుకలు నురగతో పాటు ఊడొచ్చాయి.

ముప్ఫై ఏళ్లు రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని నడినెత్తిన ఎండతో పనిచేసినవాడు. ముక్కు మీద మానని పుండు చర్మ క్యాన్సరని తేలింది. దాన్ని కోసి తీసేసి, ఆ గుంట కప్పడానికి నుదుటి చర్మాన్ని పట్టీలా కోసి, కిందికి తిప్పి కుట్టారు; ముక్కుకి అతుక్కున్నాక పై కొస తెంపారు.

"మీ నుదురు చిన్నది. జుట్టున్న చర్మం కూడా కాస్త వస్తుంది. ముక్కు మీద వెంట్రుకలు మొలవచ్చు" అన్నాడు డాక్టరు, ఆపరేషనుకి ముందే.

"మొలిస్తే గీసుకుంటా. నా పనే అది కదండీ."

రెండో కుర్చీ బావమరిదిది. అతనికి మాత్రం తల కొట్టేసినట్టుంది.

"ఆ గీసుకునేదేదో ఇంట్లోనే గీసుకుని రావచ్చు కదా బావా. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు."

"చూడనీరా. టికెట్టు పెట్టామా ఏంటి?"

"గిరాకీ పోతోంది. రేపట్నుంచి నువ్వు వెనక కూర్చో. కర్టెన్ కట్టిస్తా."

బార్బరుకి ఒళ్లు మండింది. ఈ గుమ్మం కోసమే కదా అన్నేళ్లు ఎండలో మాడింది. ముక్కు పోయింది సరే, చోటు కూడా పోవాలా?

"కట్టించు. చింపి గిరాకీల మెడకి చుడతా" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ముగ్గురొచ్చారు. ముగ్గురూ రెండో కుర్చీ కోసమే కాచుకున్నారు. బార్బరు కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు గానీ గుమ్మం దగ్గర్నుంచి లేవలేదు.

సాయంత్రం, ఒక్క కన్ను మాత్రం కనిపించేలా తలకీ ముఖానికీ మఫ్లరు చుట్టుకున్న మనిషొకడు వచ్చి, సరాసరి మొదటి కుర్చీలో కూర్చున్నాడు.

"నాలుగు రోజులుగా ఎదుటి బస్టాపులోంచి మిమ్మల్నే చూస్తున్నానండీ. గడ్డం గీయాలి."

"మఫ్లరు మీద గీయమంటారా?"

ఆ మనిషి మఫ్లరు నెమ్మదిగా విప్పాడు. నుదుటి నుంచి ముక్కు దాకా చర్మపు పట్టీ, ఇంకా తెంపనిది, ఎర్రగా బిగిసి ఉంది. దాని కింద మూడు వారాల గడ్డం. బావమరిది చేతిలో కత్తెర ఆగిపోయింది.

"వచ్చేవారం తెంపుతారట. అందాకా బయటికి రావద్దంటోంది మా ఆవిడ."

"ఇంట్లో కూర్చుంటే తొందరగా అతుక్కుంటుందన్నారా?"

ఆ మనిషి నవ్వాడు.

"నవ్వకండి, కత్తి తగులుతుంది" అంటూ బార్బరు కుట్లకి దూరంగా నురగ పూశాడు. పట్టీకి వేలు కూడా తగలనివ్వకుండా, దవడ వెంట నిదానంగా గీశాడు.

పనయ్యాక ఆ మనిషి అద్దంలో తనని తాను చాలాసేపు చూసుకున్నాడు. లేచి, గుమ్మం దాటి, బస్టాపులో జనం మధ్యకి అలాగే వెళ్లిపోయాడు.

బావమరిది చీపురు తెచ్చి మొదటి కుర్చీ కింద రాలిన వెంట్రుకలు ఊడ్చాడు. కుర్చీ చేతి మీద మఫ్లరు, ఇంకా చెమట ఆరకుండా, అలాగే ఉంది.