రొయ్యపిల్లకి ఏసీ కారు

ఎనభై తొమ్మిది వేసవిలో తాతారావుకి ముద్ద దిగేది కాదు. పడవ ఇంజన్లు బాగుచేసుకునే మనిషి. బావమరిది బుల్లిరాజుతో కలిసి, మలికిపురం అవతల పాయ పక్కన వరిచేను తవ్వించి రొయ్యల చెరువు వేశాడు. రొయ్యపిల్ల కాకినాడ అవతల నుంచి రావాలి. పాలిథీన్ సంచుల్లో ఉప్పునీళ్లు పోసి, పైన ఆక్సిజన్ పట్టి, మూతి బిగించి ఇస్తారు. ఒక్కో పిల్ల కనురెప్ప వెంట్రుకంత. రెండుసార్లు వ్యానులో తెచ్చారు. రెండుసార్లూ దారిలో ఎండకి ఉడికిపోయి, తెల్లగా సంచి అడుగున పేరుకున్నాయి. చల్లబడ్డాక ఇమ్మంటే అక్కడ పిల్ల అమ్మేవాళ్లు ఒప్పుకోరు. పొద్దున్న ఎనిమిదికి వరుసలో నిలబడ్డవాళ్లకే పిల్ల.

"ఈసారీ చస్తే చెరువు పూడ్చేసి వరి ఊడ్చుకుంటాను బావా. నీకు పడవ ఇంజన్ల పనుంది. నాకు ఈ చేనొక్కటే," అన్నాడు బుల్లిరాజు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు.

తాతారావు దగ్గర పాత అంబాసడర్ కారు ఒకటుంది. రాజమండ్రి పాత ఇనుప కొట్లో తుక్కు కింద పడేసిన ఏసీ వ్యాను చూసి, దాని కంప్రెసరు, రేడియేటరు ముందుండే జాలీ, చల్లగాలి వదిలే పెట్టె విప్పుకొచ్చాడు. పడవ ఇంజను దిమ్మ కోసి కంప్రెసరుకి పీట చేసి, కారు ఇంజను పక్కన వెల్డింగు పెట్టాడు. రైసుమిల్లు బెల్టులు కత్తిరించి చూస్తే రెండు జారిపోయాయి; మూడోది కుదిరింది. అమలాపురంలో ఫ్రిజ్జులు బాగుచేసే మాణిక్యాలరావుగారు వచ్చి గ్యాసు ఎక్కించారు.

"అన్నీ కుదిరేయి గానండీ, చల్లదనం చాలనగానే దానంతటది ఆపే మీట లేదండీ. దొరికేదాకా ఆగండి," అన్నారాయన.

"మీటెందుకండీ, నా చెయ్యి లేదా?" అని తాతారావు ఇంట్లో దీపం స్విచ్చి ఊడదీసి స్టీరింగు పక్కన బిగించేశాడు.

"ఆయ్, మీ ఇష్టమండీ." మాణిక్యాలరావుగారు చేతులు తుడుచుకున్నారు.

కారు తీసుకుని కాకినాడ అవతలికి వెళ్లి, పొద్దున్నే వరుసలో నిలబడి, వెనక సీటు తీసేసిన చోట పన్నెండు సంచులు పేర్చారు. ముందు సీట్లో భార్య పోలమ్మ. పెళ్లికి ముందు పాయలో మోకాలిలోతు నీళ్లలో వలగుడ్డతో పిల్ల ఏరిన మనిషి. ద్రాక్షారామం దాటేలోపు తాతారావు మూడుసార్లు బండి ఆపాడు. ఆపినప్పుడల్లా వెనక తలుపు తీసి, సంచి వెలుగుకెత్తి చూశాడు.

"నువ్వు చూసినప్పుడల్లా లోపలి చల్లదనం రోడ్డు పాలవుతంది మావా. అవి బాగానే ఉన్నాయి. చచ్చేలా ఉన్నది నువ్వే."

"నీకేం. కొంగు కప్పుకుని జమీందారిణిలా కూర్చున్నావు."

కోటిపల్లి రేవులో కారు గోదావరి దాటించే పంటెక్కింది. చక్రాల కింద దుంగలు పెట్టించి పంటు నడిపే సరంగు గంగయ్య వచ్చాడు.

"ఇంజనాపండి."

"ఆపితే చల్లగాలి ఆగిపోద్దండీ. లోపల రొయ్యపిల్లుంది."

"రొయ్యకి చల్లగాలా! మా ఆవిడకి విసనకర్ర కొనడానికే నాలుగేళ్లు పట్టిందండీ నాకు." పంటు మీద జనం గొల్లుమన్నారు. గంగయ్య మాత్రం కదల్లేదు. "ఏటి మీద ఇంజను తిరగకూడదండీ. ఎవరి బండైనా అంతే."

ఆపక తప్పలేదు. ఆటు వేళ, ఏట్లో నీళ్లు తగ్గి ఉన్నాయి. పంటు ఇసుక మేట చుట్టూ తిరిగి పోవాల్సివచ్చింది. తాతారావు గోనెలు తడిపి అద్దాలకి కట్టాడు. అవి ఆరకముందే మళ్లీ తడిపాడు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. గంటకి పైగా పట్టింది.

ముక్తేశ్వరం ఒడ్డెక్కగానే స్విచ్చి నొక్కాడు. ఇక ఆపలేదు. అమలాపురం దాటింది, అంబాజీపేట దాటింది. గన్నవరం దగ్గర రేడియేటరు బుసలు కొట్టింది. ఇంజను తిరుగుతుండగానే కాలవ నీళ్లు బకెట్టుతో తెచ్చి దాని మీద కుమ్మరించాడు. పోలమ్మ వెనక్కి తిరిగి సంచి మీద చెయ్యి వేసింది.

"తెల్లారగట్ట నూతినీళ్లలా చల్లబడిపోయాయి మావా. కాస్సేపు ఆపు."

"ఏట్లో పోయిన చల్లదనం రాబట్టొద్దా?"

"ఎంత పోయిందని?"

రాజోలు దాటినా తాతారావు వేలు స్విచ్చి వైపు పోలేదు.

చెరువు చేరేసరికి మూడైంది. గట్టు మీద బుల్లిరాజు పార ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొదటి సంచి ఎత్తారు. పిల్ల మొత్తం అడుగున పడి ఉంది. కుదిపినా కదల్లేదు. బుల్లిరాజు ఒక్కసారి చూసి మొహం పొలాల వైపు తిప్పుకున్నాడు.

"గాలి తగిల్తే లేస్తాయి," అంటూ తాతారావు చెరువులోకి దిగి, ఆ సంచి కోసి గుమ్మరించాడు. మధ్యాహ్నపు ఎండకి పైనీళ్లు సలసల కాగినట్టున్నాయి. పిల్ల ఒక్కసారి మెలితిరిగింది. చూస్తుండగానే తెల్లబడి, పొట్టులా కిందికి దిగిపోయింది.

అతను రెండో సంచికి బ్లేడు పెట్టాడు. పోలమ్మ చీరతోనే నీళ్లలోకి దూకి అతని మణికట్టు పట్టుకుంది.

"ఇవి చావలేదు. చలికి కొయ్యబారిపోయాయి. ఆ సంచిలోవీ బతికే ఉన్నాయి, నువ్వు పొయ్యకముందు."

తాతారావు బ్లేడు గట్టు మీదకి విసిరేశాడు.

"మూతి విప్పకుండా అన్నీ చెరువులో తేలెయ్యండి. పైన కొబ్బరాకులు కప్పండి. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి రావాలి."

"ఎంతసేపక్కా?" అన్నాడు బుల్లిరాజు.

"అదయ్యేదాకా. పుష్యమాసం పొద్దుటపూట పాయలో ఇలాగే పడుండేవి. ఎండెక్కాక లేచేవి."

తాతారావు నడుములోతు నీళ్లలో నిలబడి సంచులు చెదరకుండా చేతులు అడ్డం పెట్టాడు. అరగంట గడిచింది. ఏమీ లేదు. ఆకు తొలగించబోయాడు.

"చెయ్యి తియ్యి," అంది పోలమ్మ.

నీడలు గట్టెక్కుతుండగా ఒక సంచిలో వెంట్రుకలాంటి పిల్ల ఒకటి ఎగిరింది. పక్కన ఇంకోటి. తర్వాత అడుగంతా జీలకర్ర వేగినట్టు చిటపటలాడింది. పోలమ్మ మూతి విప్పి, చెరువు నీళ్లు దోసిలితో కొంచెం కొంచెంగా లోపలికి పోసింది. చాలాసేపటికి సంచి వంచింది. పిల్ల ఆమె వేళ్లకి ఎదురీది, నీళ్లలో కలిసిపోయింది.

"బతికినట్టేనా?" అన్నాడు తాతారావు.

"రేపు పొద్దున్న చెబుతాను. ఇంకోటి ఇటు జరుపు."

బుల్లిరాజు ఇంకాసేపు చూశాడు. తర్వాత పార తీసుకుని తూము వైపు వెళ్లాడు. గట్టు కోసుకుపోయిన చోట మట్టి వేసి, మడమతో గట్టిగా తొక్కడం మొదలుపెట్టాడు.