మల్సూర్ దాచిన మొన

నేను ఒక ఈత ముల్లు మొనను. పొడవు గోరంత కూడా ఉండను. అయినా నన్ను బయటికి తీయడానికి జిల్లా దవాఖానలో ఇంత పెద్ద దీపం వెలిగించారు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఈత మట్ట మొదట్లో పుట్టాను. చెట్టుకు కాపలా మా కులవృత్తి. మల్సూర్ గౌడ్ మమ్మల్ని కత్తితో చెక్కుకుంటూ పైకొచ్చి కల్లు గీసేవాడు. ఒక పొద్దున మంచుకు తడిసిన చెట్టు మీద అతని కాలు జారింది. నడుముకు, చెట్టుకు చుట్టిన మోకుతాడు ఆపింది కాబట్టి నేల మీద పడలేదు గాని, వచ్చి మా మీద కూర్చున్నాడు. ముల్లు వృషణాల తిత్తిలో దిగింది. పళ్ళు బిగించి లాగి పారేశాడు. ముల్లుతోపాటు మొన కూడా వచ్చిందో లేదో చూడలేదు. నేను లోపలే ఉండిపోయాను.

ముల్లు గుచ్చుకోవడం గీత పని చేసేవాళ్ళకు కొత్తేమీ కాదు. కొత్తదల్లా ఆ చోటు. పైగా ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు యశోద అతనికి వరసకు వదిన. వదినకు ఎలా చూపిస్తాడు? తొడ మీద గీరుకున్న చోటు చూపించాడు. ఆమె కడిగి, పట్టీ వేసి, ధనుర్వాతం సూది ఇచ్చి, "వాపొస్తే ఆగకు మరిదీ, మళ్లొచ్చి చూపియ్యి" అంది. తొడ చక్కగా మానింది. మందు ఒకచోట, ముల్లు ఒకచోట. మనుషుల తెలివికి నేను లోపలే నవ్వుకున్నాను.

తిత్తి మీది గాయం పైకి మూసుకుంది. లోపల నా చుట్టూ చీము పట్టింది. వాపు, దాని వెనకే జ్వరం. మల్సూర్ కాళ్ళు ఎడంగా వేసి నడుస్తూ, నడుము పట్టిందని చెప్పుకు తిరిగాడు. పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఇల్లు అది. సంగతి తెలిస్తే ఊళ్ళో ఎవరేమంటారోనని అతని దిగులు. భార్య అండాలు ఇక ఆగలేక యశోదను పిలుచుకొచ్చింది.

"తొడ మీద గీతకు గింత జరమేంది?" యశోద అతని నుదురు పట్టి చూసింది. "మరిదీ, ఇప్పుడు నేను వదినను గాదు, నర్సును. యాడ గుచ్చింది?"

మల్సూర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"చెట్టెక్కేటప్పుడు లేని సిగ్గు చెప్పేటప్పుడు వచ్చిందా?" అంది అండాలు. "పిల్లలు గావాల్నా, వద్దా?"

అప్పుడు చెప్పాడు, గోడకే.

యశోద వాళ్ళను జిల్లా దవాఖానకు తీసుకెళ్ళింది. అక్కడ ఎక్స్‌రేకు నేను దొరకలేదు. "ఏం లేదట, పోదాం పా" అని మల్సూర్ లేచాడు. డాక్టరు భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఇనుమైతే కనిపిస్తది. ముల్లు కనిపించదు. స్కానింగ్ చేద్దాం."

స్కానింగ్‌లో తెల్లని గీతలా మెరిశాను. మత్తిచ్చి, చీము తీసి, నన్ను గిన్నెలో వేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ వైపు బీజం తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. అండాలు గిన్నెలోకి తొంగిచూసి, "గింతదా" అంది.

డాక్టరు నన్ను మందునీళ్ళ సీసాలో వేసి, ఊళ్ళో ముల్లు గుచ్చుకున్నవాళ్ళకు చూపించమని యశోదకు ఇచ్చాడు. అలా ఆరోగ్య కేంద్రంలో కట్టు కట్టే బల్ల మీదికి చేరాను. గాయం లోపలినుంచి మానాలని కుట్లు వేయలేదు. మల్సూర్ రోజూ వచ్చి కడిగించుకునేవాడు. ఒకసారి, "నొప్పి లేదు వదినా, పైన మూసుకుంది. ఇగ చెట్టెక్కుతా" అన్నాడు.

"పైన మూసుకున్నదని నమ్మే గదా మొదలు మోసపోయినవ్. గోలీలు అయిపోయేదాకా మింగు. డాక్టరు సరే అనాలె."

"మోకు ఎట్లాగూ లేదులే, అండాలు దాచిపెట్టింది" అని గొణిగాడు.

మళ్ళీ చేసిన స్కానింగ్‌లో లోపలంతా శుభ్రంగా ఉంది. డాక్టరు సరే అన్నాడు. మోకు బయటికొచ్చింది.

ఆ తర్వాత ఒక సంతరోజు ఆరోగ్య కేంద్రం నిండా జనం. అండాలుకు వాంతులవుతుంటే మందు కోసం మల్సూర్ వచ్చాడు. ఆమెకు నెల తప్పింది. అప్పుడే పక్క ఊరి గౌడ్ ఒకాయన కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చి, నడుం పట్టిందన్నాడు. మల్సూర్ అతని నడక చూశాడు. గబగబా వచ్చి నా సీసా అందుకుని, అందరూ వినేలా అడిగాడు.

"బావా, గిది నాదే. యాడ నుంచి తీసిన్రో ఈడ అందరి ముంగట చెప్పాల్నా, లేక నువ్వే లోపలికి పోయి చెప్తవా?"

ఆయన తలొంచుకుని లోపలికి వెళ్ళాడు. యశోద తలుపు వేసింది.

పుట్టినప్పటినుంచి చెట్టుకు కాపలా కాశాను. ఆ చెట్టు కూడా నన్ను నాది అని ఇంత గట్టిగా చెప్పుకోలేదు.